పాత కార్డు పీకేయకండి: కొన్ని తలకిందుల సలహాలు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక పాత గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే ఎవరిని అడిగినా చెప్పేవి మూడే మాటలు. కొత్త డ్రైవర్ దించుకో. అన్నీ అప్‌డేట్ చెయ్యి. అప్పటికీ కుదరకపోతే కొత్త కార్డు కొనుక్కో. ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్లకూ ఫొటో స్టూడియోలకూ ఇళ్లకూ తిరిగి కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఈ మూడింటికీ నాది ఎదురు మాటే. డ్రైవర్ సంగతి చివర్న చూడండి. అన్నిటికన్నా కొత్తది కాదు, ఆ కార్డుకు సరిపోయే పాతది వేసుకోండి. అప్‌డేట్లు ఆపండి. మార్చాల్సి వస్తే సిస్టమ్‌నే మార్చండి, కార్డు జోలికి వెళ్లకండి. తోటి మెకానిక్కులు కూడా "అన్నా, నువ్వు చెప్పే దారిలో వెళ్తే గంట పని రెండు రోజులవుతుంది" అంటారు. అవుతుంది. ఆ రెండు రోజులూ పెట్టదగ్గ పనే ఇది.

పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, నా అక్షరాలన్నీ పొట్టిగా, లావుగా అయిపోయాయి. ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కళ్లద్దాలు మార్చుకోవాలా, కంప్యూటర్ మార్చాలా?" అన్నారు. ఆయన తమ ఊరి చరిత్ర రాస్తున్నారు. సెలవులకొచ్చిన మనవడు తాతగారికి మంచి చేద్దామని విండోస్ 7 తీసేసి విండోస్ 10 ఎక్కించి వెళ్లాడు. వెడల్పు మానిటర్ మీద 1024, 768 కొలతలో బొమ్మ సాగిపోయి కూర్చుంది. లోపల కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, జీఫోర్స్ 8400 జీఎస్ కార్డు. అప్పటికే ఒక దుకాణంవాళ్లు చూసి, కార్డు పోయింది, కొత్తది వేయించుకోమని చెప్పారట.

కార్డు పోలేదు. డివైస్ మేనేజర్ తెరిస్తే డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంది. ఈ పేరు చూసి చాలామంది కంగారుపడతారు. ఏ కార్డుకైనా ఎంతోకొంత బొమ్మ తెప్పించే తాత్కాలిక ఏర్పాటు అది. అంటే కార్డు బతికే ఉంది, దానితో మాట్లాడే మనిషే దొరకలేదన్నమాట. డ్రైవర్ అంటే దుబాసీ. సిస్టమ్ ఒక భాషలో అడుగుతుంది, కార్డుకు ఇంకో భాష వచ్చు. దుబాసీ లేకపోతే సైగలతో నెట్టుకొస్తారు. మాస్టారి తెర మీద జరిగింది ఆ సైగల కాపురమే.

ఈ భాష ఎప్పుడు మారిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఎక్స్‌పీ రోజుల్లో డిస్‌ప్లే డ్రైవర్ సిస్టమ్ గర్భగుడిలోనే కూర్చునేది. అది తడబడితే మొత్తం కుప్పకూలి నీలి తెర వచ్చేది. 2007లో విస్టాతో డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతి వచ్చింది. డ్రైవర్‌ని రెండు ముక్కలు చేసి, ఎక్కువ పని గర్భగుడి బయట పెట్టారు. విండోస్ 7కి ఇది 1.1 అయింది, విండోస్ 8కి 1.2 అయింది. ఆ విండోస్ 8తోనే ఎక్స్‌పీ తరం డ్రైవర్లకు తలుపు మూసేశారు. 2015లో విండోస్ 10 వచ్చేసరికి 2.0. విండోస్ 10 పాత వెర్షన్ల దుబాసీలను కూడా లోపలికి రానిస్తుంది, విండోస్ 11 మాత్రం 2.0 ఉంటేనే అంటుంది. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న కార్డు బాగుందా అని కాదు. దాని దుబాసీ ఏ ఏడాదిలో చదువు ఆపేశాడన్నది.

అయినా డ్రైవర్ దగ్గర మొదలుపెట్టకండి. స్క్రూడ్రైవర్ దగ్గర మొదలుపెట్టండి.

ప్లగ్ పీకి, పెట్టె తెరిచి, కార్డు బయటికి తీయండి. చాలా ఇళ్లలో కంప్యూటర్ పూజగది పక్కనో వంటింటి గోడకో ఉంటుంది. అగరొత్తుల పొగ, తాలింపు జిడ్డు, దుమ్ము కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య కంబళిలా పేరుకుంటాయి. మెత్తటి బ్రష్‌తో దులపండి. ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడండి, బిగుసుకుపోతే అదే దొంగ. బంగారు రంగు పళ్ల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. నీళ్లు వద్దు. చిప్ మీద పదేళ్ల కిందటి థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలుతుంటే గీకేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, సాఫ్ట్‌వేర్ జబ్బులని మనం అనుకునేవాటిలో చాలా మటుకు ఇక్కడే తేలిపోతాయి. 'డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగి, మళ్లీ కోలుకుంది' అనే అర్థంలో ఒక సందేశం వస్తుంటుంది. కార్డు 2 సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని కుదిపి లేపుతుంది, ఆ కబురే అది. రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ 2 సెకన్లను 8 చేసుకోమని చెప్పేవాళ్లున్నారు. జ్వరం వచ్చినవాడి చేతిలోంచి థర్మామీటర్ లాక్కోవడం లాంటిది ఆ పని. పాత కార్డు జవాబు ఆలస్యం చేస్తోందంటే వేడెక్కైనా ఉండాలి, పవర్ సప్లై నీరసించైనా ఉండాలి. దుమ్ము దులిపాక ఆ సందేశం మళ్లీ రాని కంప్యూటర్లను నేను లెక్కలేనన్ని చూశాను.

తర్వాత, పెట్టె మీది పేరు నమ్మకండి. ఈ సలహాకి కోపం తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. "జీటీ 730 అని రాసుంది కదా బాబాయ్, ఇంకేం కావాలి?" అని ఒక స్టూడియో కుర్రాడు నాతో వాదించాడు. జీటీ 730 అనే ఒకే పేరుతో 2014లో రెండు జాతుల కార్డులు వచ్చాయి. ఒకదానిలో జీఎఫ్108 చిప్, అది ఫెర్మి తరం. ఇంకోదానిలో జీకే208 చిప్, అది కెప్లర్ తరం. ఫెర్మి కార్డుకు దుబాసీ 2018 మార్చిలో 391.35 దగ్గర ఆగిపోయాడు. కెప్లర్‌కి ఆటల డ్రైవర్లు 2021 ఆగస్టు దాకా, భద్రతా సవరణలు 2024 సెప్టెంబరు దాకా నడిచాయి. ఆ కుర్రాడు రెండు వారాలుగా కెప్లర్ డ్రైవర్‌ని ఫెర్మి కార్డుకు ఎక్కించబోయి, 'అనుకూలమైన హార్డ్‌వేర్ కనబడలేదు' అన్న మాట చూసి కార్డుని తిడుతున్నాడు. తప్పు కార్డుది కాదు. 8400 జీఎస్ కూడా అంతే, ఆ ఒక్క పేరు కింద కాలక్రమంలో మూడు వేర్వేరు చిప్‌లు వచ్చాయి.

అందుకే పేరు కాదు, నంబరు చూడండి. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. 'వెన్' తర్వాత ఉండే నాలుగు అక్షరాలు ఇంటిపేరు: 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏఎమ్‌డీ లేదా పాత ఏటీఐ, 8086 అయితే ఇంటెల్. 'డెవ్' తర్వాతివి అసలు పేరు. ఈ నంబరు చిప్ గుణాన్ని చెబుతుంది, స్టిక్కర్ మాత్రం అమ్మినవాడి గుణాన్నే చెబుతుంది. ఇంకో మోసం కూడా తిరుగుతోంది. ఫెర్మి కాలపు చిప్ ఉన్న పాత కార్డులోని బయోస్‌ని మార్చి, పెద్ద కార్డు పేరు పలికేలా చేసి అమ్ముతున్నారు. విండోస్‌లో కూడా ఆ దొంగపేరే కనబడుతుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఇలాంటివాటిని పసిగట్టి, పేరు ముందు నకిలీ అని చూపిస్తోంది. సెకండ్ హ్యాండ్ కార్డు కొన్న ప్రతివాళ్లూ మొదట ఆ పరీక్ష చేయాలి.

నంబరు తెలిసిందంటే వంశం తెలిసినట్టే. ఇక ఆ వంశంలో ఆఖరి దుబాసీ ఎవరో వెతకండి. ఎన్విడియాలో 8, 9, 200, 300 వరసలకు, జీఫోర్స్ 210తో సహా, 2016 డిసెంబరులో వచ్చిన 342.01 ఆఖరిది. విండోస్ 10కి సరిపోతుంది. 400, 500 వరసలకు పైన చెప్పిన 391.35. రేడియన్ హెచ్‌డీ 5000, 6000 వరసలకు 2015 జులైలో వచ్చిన 15.7.1, ఆ తర్వాత 2016 తొలినాళ్లలో ఒక బీటా వచ్చి, అంతటితో సరి. రేడియన్ హెచ్‌డీ 2000, 3000, 4000 వాళ్లకు విండోస్ 10 పేరుతో తయారీదారు నుంచి ఏమీ రాలేదు. విండోస్ 7, 8ల కోసం 2013లో ఆగిపోయిన డ్రైవర్‌నే వాడుకోవాలి. సెటప్ ఫైల్ నొక్కితే కాదంటుంది. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, నా కంప్యూటర్‌లో వెతుకు, జాబితాలోంచి నేనే ఎంచుకుంటాను, హావ్ డిస్క్. ఈ వరసలో వెళ్లి, విప్పిన ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైల్ చూపించండి. సెటప్ ఫైల్ వద్దన్నచోట ఈ పక్కదారి చాలాసార్లు ఒప్పుకుంటుంది.

ఆ ఐఎన్ఎఫ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ కార్డు నంబరు చేర్చుకోమనే సలహా మాత్రం తీసుకోకండి. ఒక్క అక్షరం మార్చినా దాని డిజిటల్ సంతకం చెరిగిపోతుంది. 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేసి, స్టార్టప్ సెట్టింగ్స్‌లో ఎఫ్7 నొక్కితే ఆ ఒక్కసారికి కాపలా తప్పుకుంటుంది, మర్నాడు ఆన్ చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దాంతో కొందరు కాపలానే శాశ్వతంగా తీసేస్తారు. ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

డ్రైవర్ వేసే రోజున నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. ఈ మాట అంటే "నెట్ లేకుండా డ్రైవర్ ఎలా?" అంటారు. ఫైల్ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోవాలి. నెట్ ఉంటే మీరు పాతది తీసేసి రీస్టార్ట్ చేసే లోపలే విండోస్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది. ఒక్కోసారి అదే సరైనది కావచ్చు, ఒక్కోసారి మీ పని మొత్తం చెడుతుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డీడీయూ అనే ఉచిత సాధనంతో పాత డ్రైవర్ ఆనవాళ్లన్నీ ఊడ్చి, మామూలుగా లేపి, మీ ఫైల్ ఎక్కించి, రెండుసార్లు ఆపి లేపి చూశాకే నెట్ తగిలించండి. ముందుగా డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌లో, డ్రైవర్లు విండోస్ తానే తెచ్చుకోవాలా అన్నదానికి 'నో' పెట్టండి. ఒక రీస్టోర్ పాయింట్ కూడా పెట్టుకోండి, దానికి రెండు నిమిషాలే పడుతుంది.

'అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో' అంటూ ఊరించే సాఫ్ట్‌వేర్లు దగ్గరికి రానీయకండి. మా ఊరి పక్కన ఒక ఫొటో స్టూడియోలో మాఘమాసం పెళ్లిళ్ల మధ్యన అలాంటిదొకటి వేశారు. డిస్‌ప్లే సంగతి అలా ఉంచి, సౌండ్ పోయింది, ప్రింటర్ పోయింది. ఆల్బమ్ ఇవ్వాల్సిన రోజు స్టూడియోవాళ్లు పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తు. పాత యంత్రం మీద అన్నీ కొత్తవి ఎక్కించకూడదు. నడుస్తున్నదాన్ని నడవనివ్వాలి.

కొత్త మదర్‌బోర్డులో పాత కార్డు పెట్టినవాళ్లది వేరే గొడవ. పెట్టె ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కార్డు కాలిపోయిందని నిర్ధారణకొచ్చేస్తారు. కానీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఏ తరానిదైనా కార్డు ఏ తరానిదైనా ఒకదానిలో ఒకటి ఇముడుతుంది, చిక్కు అక్కడ లేదు. కొత్త బోర్డులు యూఈఎఫ్ఐ పద్ధతిలో లేస్తాయి. లేచేటప్పుడు తెర మీద బొమ్మ వేయడానికి కార్డు బయోస్‌లో జీఓపీ అనే చిన్న భాగం ఉండాలి. దాదాపు 2012కి ముందు వచ్చిన కార్డుల్లో అది ఉండదు. వాటి కోసం బోర్డులో సీఎస్ఎం అనే పాత పద్ధతి మీట ఉంటుంది. అది ఆన్ చేసి, సెక్యూర్ బూట్ ఆపితే కార్డు వెలుగుతుంది. బయోస్‌లోకి వెళ్లడానికి తెరే లేదు కదా అంటారా? ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఉంటే బోర్డు వెనక పోర్టుకు తీగ తగిలించండి, లేదంటే పూటకి ఎవరిదైనా కొంచెం కొత్త కార్డు అడిగి తెచ్చుకోండి. ఒక్క హెచ్చరిక: డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్న కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ ముట్టుకుంటే రికవరీ కీ అడుగుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసుకోకుండా ఈ మీటల మీద చెయ్యి వేయకండి. కొన్ని సరికొత్త బోర్డుల్లో సీఎస్ఎం మీటే తీసేశారు. అక్కడ ఆ కార్డుకు చోటు లేదు, ఇంకో పెట్టెలో పెట్టండి.

ఇప్పుడు అసలు సలహాకి వస్తున్నాను. దీనికే నాతో ఎక్కువమంది పోట్లాడతారు. పాత కార్డుని విండోస్ 11 దాకా లాక్కెళ్లకండి. కార్డు ఒప్పుకున్నా మిగతా పెట్టె ఒప్పుకోదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, సెక్యూర్ బూట్ చేయగల బోర్డు కావాలి. పక్కదారుల్లో ఎక్కించినా, 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు లేకపోతే సిస్టమ్ లేవనే లేవదు. కోర్ 2 డుయోకి ఆ ఆదేశాలు లేవు. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14న గడువు తీరింది. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు ఇంకో ఏడాది భద్రతా సవరణలు ఇస్తున్నారు, అంతే. కాబట్టి పైకి వెళ్లకండి, పక్కకు వెళ్లండి. పాత కార్డుకు సరిపోయే కొత్త సిస్టమ్ లినక్స్.

కొత్త విండోస్‌లలో పాత కార్డులు ఒక్కొక్కటిగా రాలిపోతుంటే, లినక్స్‌లో ఆ కార్డుల డ్రైవర్లు సిస్టమ్‌తో పాటే వస్తాయి. రేడియన్ హెచ్‌డీ 2000 నుంచి 6000 దాకా ఆర్600 అనే డ్రైవర్ ఉంది. మీరు ఏమీ దించుకోనక్కర్లేదు, ఎక్కించగానే తెర నిండుగా వస్తుంది. విండోస్‌లో అనాథ అయిన హెచ్‌డీ 4350 ఇక్కడ దర్జాగా ఉంటుంది. ఎన్విడియా కార్డులకు నూవో అనే డ్రైవర్ ఉంది. బయటివాళ్లు కష్టపడి, కార్డు లోగుట్టు తామే కనిపెట్టి రాసినది. అది పాత కార్డుని ఆన్ అయినప్పటి వేగంలోనే ఉంచుతుంది, తనంతట తాను పెంచదు. ఆటలకు చాలదు. శుభలేఖలు వేయడానికి, లెక్కలు రాసుకోవడానికి, మాస్టారి పుస్తకానికి హాయిగా చాలుతుంది. ఎన్విడియా సొంత లినక్స్ డ్రైవర్ కావాలని వెతక్కండి. 8400 జీఎస్, 210 లాంటివాటికి అది 2019 డిసెంబరులో 340.108తో ఆగిపోయింది, ఇప్పటి కర్నెల్ (లినక్స్ గర్భగుడి) మీద దాన్ని కూర్చోబెట్టాలంటే ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వేయాలి.

నేను వేసేది లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ రకం. హంగులు తక్కువ, పాత కార్డు మీద భారం తక్కువ. పెన్‌డ్రైవ్ నుంచి లేపినప్పుడు తెర నల్లబడితే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. ఇక్కడ ఒక గోతి ఉంది, చాలామంది అందులోనే పడుతున్నారు. ఆ మోడ్ 'నోమోడ్‌సెట్' అనే మాటను కర్నెల్‌కి చెబుతుంది, అంటే కార్డుని ముట్టుకోవద్దని. ఎక్కించుకునే ఆ ఒక్క పూటకే అది. బొమ్మ వచ్చింది కదా అని ఆ మాటను శాశ్వతం చేసేస్తే కార్డు పనిలేకుండా కూర్చుంటుంది, బొమ్మలన్నీ ప్రాసెసర్ గీస్తుంటుంది, కిటికీ జరిపినా తెర ఈడ్చుకుంటూ వస్తుంది. పనంతా అయ్యాక సిస్టమ్ సమాచారంలో గ్రాఫిక్స్ దగ్గర 'ఎల్‌ఎల్‌వీఎంపైప్' అనే పేరు కనిపిస్తే కార్డు నిద్రపోతోందని అర్థం. నోమోడ్‌సెట్ తీసేసి మళ్లీ లేపండి. అక్కడ నూవో అనో రేడియన్ అనో వస్తే పని అయినట్టే.

డీటీపీ వాళ్ల అభ్యంతరం నాకు తెలుసు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకుండా మన ఊళ్లలో శుభలేఖ గానీ కరపత్రం గానీ తయారు కాదు. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. వాళ్లకు నేను చెప్పేది ఇంకా తలకిందులుగా ఉంటుంది: ఆ విండోస్ 7ని తీయకండి. దానికి 2020 జనవరి 14నే గడువు తీరింది కాబట్టి దానికి నెట్ మాత్రం జన్మలో చూపించకండి. ఒకే డిస్క్‌ని రెండు భాగాలు చేసి, ఒకదానిలో నెట్ లేని విండోస్ 7, ఇంకోదానిలో నెట్‌తో లినక్స్ పెట్టుకోండి. మెయిల్, వాట్సాప్, బ్యాంకు పనులు లినక్స్‌లో. పేజ్‌మేకర్ పని అటువైపు. కార్డుకు రెండు వైపులా దుబాసీ ఉన్నాడు. ఇలా నడుస్తున్న సెంటర్లను నేను నా చేతులతో ఏర్పాటు చేశాను, ఆపరేటర్లకు రెండో రోజుకే అలవాటైపోయింది.

వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయని కార్డుని తప్పుపట్టకండి. ఇప్పుడు యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో పంపుతోంది. 2009 నాటి కార్డుకు వాటి పేరు కూడా తెలియదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కానీ ఆ కార్డుకు హెచ్.264 బాగా వచ్చు. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే పొడిగింపు వేస్తే ఆ రూపంలోనే పంపమని అడుగుతుంది. నాణ్యత 720 దగ్గర పెట్టుకోండి. పాత మానిటర్ మీద అంతకన్నా తేడా కనబడదు.

కార్డుని ఓవెన్‌లో పెట్టి కాల్చితే అతుకులు కరిగి మళ్లీ కలుస్తాయనే ప్రచారం ఒకటి ఉంది. చెయ్యకండి. బాగైనట్టు కనిపించినా వారాల్లో మళ్లీ పోతుంది, పైగా అన్నం వండుకునే పొయ్యిలో ఆ ప్లాస్టిక్, ఆ లోహాల పొగ పట్టిస్తారు. బయోస్ తెర మీదే గళ్లు, రంగు చుక్కలు, నిలువు గీతలు వస్తుంటే అది డ్రైవర్ జబ్బు కాదు, కార్డు ఆయుష్షు తీరింది. అంతవరకే నా పట్టుదల. కెపాసిటర్ల తలలు ఉబ్బితే మాత్రం ఇంకా ఆశ ఉంది, టీవీలు బాగుచేసే అనుభవజ్ఞుడి దగ్గరికి తీసుకెళ్లండి, అతను మార్చగలడు. ఏదీ కుదరకపోతే పాత ఇనుము బండికి వేయకుండా అధీకృత రీసైక్లర్‌కి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో అందుకు దారి ఉంది.

"ఇంత తంటా ఎందుకు, తక్కువలో కొత్త కార్డు వస్తుంది కదా?" అనేది ఆఖరి ప్రశ్న. ఆ తక్కువ ధర కొత్త కార్డు పేరు చూడండి. చాలాచోట్ల సీలు తీయని డబ్బాలో మీ చేతికిచ్చేది జీటీ 710 గానీ జీటీ 730 గానీ. వాటి వంశం చాలా మటుకు కెప్లర్, దానికి భద్రతా సవరణలు కూడా 2024 సెప్టెంబరుతో అయిపోయాయి. డబ్బా కొత్తది, లోపలున్నది రిటైరైన మనిషి. మీ దగ్గరున్న పాత కార్డుని తీసేసి ఇంకో పాత కార్డుని కొత్త ధరకు కొంటున్నారు. అంతకు పై మెట్టు కార్డులకూ ఇదే వరస నడుస్తోంది: ఎన్విడియా 900, 1000 వరసలకు 2025 అక్టోబరుతో ఆటల డ్రైవర్లు ఆగాయి, భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకే. ఏదో ఒక రోజు అందరి కార్డూ ఈ వరసలో నిలబడుతుంది. దాన్ని నిలబెట్టుకునే విద్య ఇప్పుడే నేర్చుకోండి. ఈ విద్య చేతిలో లేనివాళ్లు అమ్మేవాడు చెప్పిందే నమ్మాలి.

మాస్టారి ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి దుమ్ము దులిపి, నంబరు రాసుకొచ్చాను. రెండోసారి పెన్‌డ్రైవ్‌లో 342.01 తీసుకెళ్లి, ఆయన ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపించి ఎక్కించాను. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగినప్పుడు మానిటర్ కొలత సరిగ్గా పట్టుకుంది. ఆయన ముందుకు వంగి ఒక పేరా చదువుకుని, "ఇదిగో, నా ఒత్తులు నాకొచ్చాయి" అన్నారు. విండోస్ 10 గడువు తీరాక మూడోసారి వెళ్లి, పక్కనే మింట్ వేసి, ఆయన యూనికోడ్‌లో కొట్టుకున్న ఫైళ్లన్నీ లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూపించాను. ఒక్క అక్షరం చెదరలేదు. అదే 8400 జీఎస్, అదే మానిటర్. మాస్టారి పుస్తకంలో ఇప్పుడు ఊరి చెరువు తవ్వకం అధ్యాయం నడుస్తోంది.